నాచుని బతకనిద్దాం, కానీ మెట్ల మీద కాదు

పోయిన నెల కోకో కొమ్మ కత్తిరింపుల మీద పెట్టిన వీడియోలో నా వెనకాల, నీళ్ళ తొట్టి పక్కన, పచ్చగా తివాచీ పరిచినట్టున్న నేల చాలామంది కంట పడింది. "అదేం గడ్డండీ, విత్తనం ఎక్కడ దొరుకుద్ది?" అని కొందరు అడిగారు. "తోటంతా పాచి పట్టిపోయింది, ముందు బోదె తీసి నీళ్ళు బయటికి పంపండి" అని ఇంకొందరు సలహా ఇచ్చారు. ఒకాయనైతే "ప్రకృతి వ్యవసాయం అంటే శుభ్రం లేకుండా ఉండటం కాదండి" అని కాస్త ఘాటుగానే అన్నారు.

అది గడ్డి కాదండి. దానికి విత్తనం ఉండదు. అక్కడ నీళ్ళు కూడా నిలవవు. అది నాచు. నేనే కావాలని పెంచుతున్నాను. ఎందుకు పెంచుతున్నానో, ఎక్కడ పెంచకూడదని దెబ్బ తిని తెలుసుకున్నానో ఈసారి చెప్తాను. వీడియోలో అన్నీ పట్టలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు పేరు దగ్గరే మనకో చిక్కుంది. తెలుగులో నాచు అనే ఒక్క మాటతో నాలుగైదు వేరు వేరు జీవుల్ని పిలిచేస్తాం. చెరువులో తేలేది నాచే. వరి మడిలో నీటి మీద కట్టే జిడ్డులాంటి పొరా నాచే. ఎరువుల కొట్లో సీసాల్లో అమ్మే సముద్రపు నాచు ద్రావణమూ నాచే. గోడ మీద మొలిచే మెత్తని పచ్చదనమూ నాచే. పాచి అనే మాటదైతే ఇంకో కథ. పళ్ళకి పట్టేది పాచి, పొద్దున్నే ఇల్లు ఊడ్చి గిన్నెలు తోమేది పాచి పని. ఆ మాటలోనే మురికి అన్న అర్థం కలిసిపోయింది. ఇక గోడ మీద పాచి అన్నాక ఎవరికైనా చీపురు అందుకోవాలనే అనిపిస్తుంది.

నేను చెప్తున్నది మాస్ అనే నాచు మొక్క గురించి. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళకి ఫ్యునేరియా అన్న పేరు గుర్తుండే ఉంటుంది. అదే జాతి. ఇది నిజంగా మొక్కే. దగ్గరగా చూస్తే చిన్న కాడ, దాని చుట్టూ ఒక్క పొర మందం ఆకులు కనబడతాయి. వానలు పడ్డాక సన్నటి దారాల్లాంటి కాడలు పైకి లేచి, చివర చిన్న గుళిక వస్తుంది. అందులోంచి దుమ్ములాంటి సిద్ధబీజాలు రాలి గాలికి పోతాయి. వరి మడిలో పొర వేరు. అది శైవలాలు, నీలి ఆకుపచ్చ నాచు. వాటిలో కొన్ని గాలిలో నత్రజనిని పట్టి వరికి ఇస్తాయని పి.కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించాడు. అజొల్లా ఇంకా వేరు, అది ఫెర్ను. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా నాచు కాదండోయ్. అది లైకెన్, అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. ఈ తేడాలు ఎందుకు చెప్తున్నానంటే, ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టి మనవాళ్ళు వీడియోలు చేసేస్తున్నారు. నాచు పెంచితే ఎకరాకి ఇంత యూరియా ఖర్చు తగ్గుద్దని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఉత్తర దేశాల చలి అడవుల్లో కొన్ని నాచు జాతుల ఆకుల్లో నత్రజని పట్టే నీలి ఆకుపచ్చ జీవులు కాపురముంటాయన్నది నిజమే. అక్కడి సంగతి తెచ్చి మన కొబ్బరి తోటలో లెక్క కట్టకూడదు.

మరి లాభం లేనిది ఎందుకు పెంచుతున్నావయ్యా అంటారా. మాది కోనసీమ. మూడెకరాల కొబ్బరి, మధ్యలో కోకో, కొన్ని చెట్లకి మిరియం పాకించాం. తోటలో ఆచ్ఛాదన వేయగలిగిన చోటల్లా వేశాం. కొబ్బరి మట్టలు, కోకో ఆకు, డొక్కలు, అన్నీ నేల మీదే. అయినా కొన్ని చోట్ల కప్పు నిలవదు. బోదె గట్టు ఏటవాలుగా ఉన్న చోట వేసిన ఆకంతా మొదటి జడివానకే కాలవలోకి జారిపోతుంది. కొబ్బరాకుల చివర్ల నుంచి నీళ్ళు ధారగా పడే చోట నేలకి గుంటలు పడతాయి. తొట్టి చుట్టూ, పంపు షెడ్డు వెనకాల, ఎండ తగలని ఉత్తరం వైపు గట్టి నేల మీద గడ్డి కూడా మొలవదు. అలాంటి జాగాల్లో మట్టి ఏటా కొంచెం కొంచెం కొట్టుకుపోతూ ఉండేది. నేను గమనించిందేంటంటే, ఆ జాగాల్లోనే నాచు దానంతటది వస్తోంది. వచ్చిన చోట వాన చినుకు నేరుగా మట్టిని కొట్టడం లేదు. పక్కన నాచు లేని జానెడు మేర గుంటపడుతోంటే, నాచున్న జానెడు అలాగే నిలబడుతోంది. మనం 365 రోజులూ నేల పచ్చగా ఉండాలని పాటపాడుతున్నాం కదా. మనం కప్పలేని చోట ప్రకృతి తనే కప్పుతుంటే, దాన్ని పారతో గీకి మళ్ళీ మట్టిని బయటపెట్టడం ఎందుకు?

మొత్తం మూడెకరాల్లో నాచున్న చోట్లన్నీ కలిపితే రెండు సెంట్లుండదు. ఆ రెండు సెంట్ల కోసం ఇంత రాయాలా అంటే, రాయాలి. ఎందుకంటే దీని వల్ల మా ఇంట్లో ఒక పెద్ద ప్రమాదమే జరిగింది.

మూడేళ్ళ కిందట శ్రావణమాసంలో మా అమ్మ నూతి దగ్గర చప్టా మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మూడు నెలలు మంచం, ఇప్పటికీ కర్ర సాయం. ఆ చప్టా మీద పచ్చగా పట్టిందని నాకు ముందే తెలుసు. "ఒరేయ్, అక్కడ జారుతోందిరా, కాస్త రుద్దించు" అని అమ్మ రెండుసార్లు చెప్పింది. నేను ప్రకృతి వ్యవసాయం, సూక్ష్మజీవులు అని ఉపన్యాసం చెప్పి ఊరుకున్నాను. ఆ చప్టా మీద ఉన్నది ఎక్కువ భాగం నాచు మొక్క కాదు, పాకుడు. జిగురుగా ఉండే శైవలాల పొర. అయినా పడ్డ మనిషికి ఆ తేడా చెప్తే ఏం ఉపయోగం? తప్పు నాదే.

అమ్మని ఆసుపత్రిలో పెట్టిన వారంలోనే కోపంతో, భయంతో ఇంకో తప్పు చేశాను. బ్లీచింగ్ పౌడరు సంచి తెప్పించి చప్టా, మెట్లు, తొట్టి గోడ, పంపు షెడ్డు పునాది, ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడ చల్లించాను. వారం తిరక్కుండా అంతా తెల్లబడింది. తొట్టి గోడ పగుళ్ళలో ఉన్న ఫెర్నులు చచ్చిపోయాయి. ఆ నీళ్ళు పారిన బోదెలో చేమ ఆకులు మాడిపోయాయి. పదేళ్ళుగా రసాయనం చుక్క వాడని తోట అని బోర్డు పెట్టుకున్నవాణ్ణి నేను. తమాషా ఏంటంటే, తర్వాత వానాకాలం మొదలయ్యాక నెల తిరక్కుండా పాకుడు మళ్ళీ వచ్చేసింది. నాచు మొక్క రావడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. అంటే మందు చల్లి నేను సాధించిందల్లా, మట్టిని పట్టుకునేదాన్ని చంపి, జారేదానికి జాగా ఇవ్వడం.

ఇప్పుడు చప్టా దగ్గర ఏం చేస్తున్నామంటే, ముందు కారుతున్న కుళాయి బాగు చేయించాం. పాకుడుకి అసలు కారణం అదే. చప్టా నునుపుగా ఉంటే మేస్త్రీ చేత గాట్లు పెట్టించాం. పైన వాలిన రెండు కొమ్మలు కొట్టి ఎండ పడేలా చేశాం. వానాకాలమంతా వారానికోసారి ఇసక చల్లి కొబ్బరి పీచుతో రుద్దుతాం. మనిషి కాలు పెట్టే ప్రతి చోటా ఇదే పద్ధతి. మెట్లు, వాకిలి, పశువుల పాక ముందు, బోదె మీద వేసిన తాటి మొద్దు, ఇలాంటి చోట్ల నాచు, పాకుడు ఏదీ ఉండకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

కొబ్బరి చెట్టు సంగతీ అంతే. మా తోటలో దింపు తీసే ఆయన ఇరవై ఏళ్ళుగా వస్తున్నాడు. మొదట్లో నేను చెట్ల మొదళ్ళకి పట్టిన నాచు చూసి మురిసిపోతుంటే ఆయన అన్నాడు, "మీకు పచ్చగా కనపడుద్దండి బాబుగారూ, నాకు చావు కనపడుద్దండి." తడి నాచు మీద పాదం పెడితే పట్టు చిక్కదు. నలభై అడుగుల ఎత్తున మనిషికి అది ప్రాణం మీద మాట. ఆ రోజు నుంచి ఎక్కే చెట్లకి వానాకాలం ముందు మొదలు నుంచి పైదాకా గట్టి బ్రష్షుతో రుద్దిస్తున్నాం. ఆ కూలి నేనే ఇస్తాను, దింపు కూలిలో కలపను. మిరియం పాకిన చెట్లు, ఎవరూ ఎక్కనివి, వాటి జోలికి పోం. అయితే చెట్టుకి నాచు పడితే చెట్టు రసం పీలుస్తుందనే భయం మాత్రం వద్దు. నాచుకి వేళ్ళే లేవు. ఉన్నవి మూలతంతువులు, వెంట్రుకల్లాంటివి. అవి పట్టుకోవడానికే గానీ బెరడులోకి దిగి పీల్చడానికి కాదు. నీళ్ళు, లవణాలు అన్నీ అది ఆకుల పైనుంచే తాగుతుంది.

కోకో దగ్గర ఇంకో మినహాయింపు ఉంది. కోకోకి పూలు కాండం మీదే వస్తాయి కదా. అవి వచ్చే బుడిపెల మీద నాచు దట్టంగా కప్పేస్తే పూత అణిగిపోతుంది. తడి గోనె సంచి ముక్కతో మెల్లగా తుడిస్తే చాలు, కత్తి పెట్టి గీకకండి. బుడిపె దెబ్బతింటే మళ్ళీ అక్కడ పూయదు. ఇంకో సంగతి, నాచు మీద మోజుతో కోకో కింద ఆకు ఊడ్చేయకండి. కోకో పువ్వుకి పరాగసంపర్కం చేసేది కంటికి ఆనీ ఆనని చిన్న ఈగ. అది గుడ్లు పెట్టేది, పెరిగేది ఆ తడి ఆకుల కుళ్ళులోనే. ఆకు పోతే ఈగ పోతుంది, ఈగ పోతే కాయ పోతుంది.

అసలు మనలాంటివాళ్ళకి నాచుతో ఉన్న పేచీ ఇక్కడే ఉందండి. మనం నేర్చుకున్నది ఆచ్ఛాదన. మట్టి కప్పు, ఎండు గడ్డి కప్పు, సజీవ కప్పు అని మూడు రకాలు చెప్పుకుంటాం. నాచుకి ఆకుల కప్పంటే గిట్టదు. దాని మీద నాలుగు ఎండుటాకులు పదిహేను రోజులు పడుంటే వెలుతురు అందక కింద నాచు పసుపుపచ్చగా మారి కుళ్ళిపోతుంది. కాబట్టి ఒకే జాగాలో రెండూ కుదరవు. జపాన్లో క్యోటో నగరంలో సైహోజి అని ఒక బౌద్ధాలయం ఉంది. దాని తోట నిండా నాచే. 120 రకాల దాకా ఉన్నాయంటారు. 1994లో క్యోటోలోని మిగతా పాత కట్టడాలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ తోటని ముసో సోసెకి అనే గురువు 1339లో తిరగ దిద్దినప్పుడు నాచు తోటగా వేయలేదు. తర్వాతి కాలంలో ఆలనాపాలనా తగ్గినప్పుడు నీడా తేమా చూసుకుని నాచే వచ్చి కప్పేసింది. ఎవరూ నాటలేదు. అయితే వచ్చినదాన్ని నిలబెట్టడానికి మాత్రం అక్కడ మనుషులు రోజూ చీపుర్లతో రాలిన ఆకు ఊడుస్తారు. అదే దేశంలో షికోకు దీవిలో ఫుకుఓకా గారు గడ్డి తెచ్చి నేలకి కప్పమన్నారు. ఒకే దేశంలో ఒకరు ఆకు ఊడ్చి నేలని కాపాడారు, ఒకరు గడ్డి పరిచి కాపాడారు. ఇద్దరిదీ తప్పు కాదు. నాచు ఎండ లేని గట్టి నేలది, గడ్డి కప్పు పంట నేలది.

అందుకే పంట మధ్యలో నాచు పెంచమని నేను చెప్పను. కూరగాయ మడిలో, నారు ట్రేలలో, నర్సరీ సంచుల్లో పైన నాచు పట్టిందంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని, గాలి ఆడటం లేదని గుర్తు. అక్కడ అది మనకి హెచ్చరిక. నీళ్ళు తగ్గించి పైమట్టి కొంచెం కదపండి. వాఫస గురించి ఇంతమంది మాట్లాడతాం గానీ, కొబ్బరి పొట్టు ట్రేలో నాచు పట్టినా పైపు కట్టెయ్యం.

ఇప్పుడు పెంచే పద్ధతి. ముందు మజ్జిగ సంగతి తేల్చేద్దాం. నాచుని పుల్ల మజ్జిగతో మిక్సీ పట్టి రాళ్ళ మీద, కుండీల మీద పూస్తే నెలలో పచ్చబడుతుందని బోలెడు వీడియోలున్నాయి. విదేశాల నుంచి వచ్చిన చిట్కా. నేనూ చేశాను. ఆరు రాళ్ళకి పూశాను. మొదటి రోజు చీమలు. మూడో రోజు తెల్ల బూజు. నాలుగో రోజు పక్కింటి కుక్క వచ్చి రెండు రాళ్ళు నాకి పోయింది. "పెరుగన్నంలోకి లేని మజ్జిగ రాళ్ళకి పోస్తున్నాడమ్మా మీ అబ్బాయి" అని మా ఆవిడ మా అమ్మకి ఫోనులో ఫిర్యాదు. ఆరింటిలో ఒక్క రాయి పచ్చబడింది. అది తొట్టి పక్కన చల్లగా ఉన్న రాయి, ఏమీ పూయకపోయినా పచ్చబడేదే. అసలు ఆలోచించండి, బూడిద తెగులుకి పుల్ల మజ్జిగ కొట్టేది మనమే. తెగుళ్ళని అణచడానికి వాడేదాన్నే ఇక్కడ బలం మందు అనుకోవడమేంటి? నాచుకి పాలు, మజ్జిగ, బెల్లం ఏవీ అక్కర్లేదు.

జీవామృతం కూడా వద్దు. ఈ మాట వినగానే కొందరికి కష్టంగా ఉంటుంది. మనకి ఏ పచ్చనిది కనబడినా జీవామృతం పోయడం అలవాటైపోయింది. నాచు పేదది. బలం తక్కువున్న చోటే అది నెగ్గుతుంది. బలం పెరిగితే ముందు పాకుడు, తర్వాత గడ్డి, గరిక వచ్చి దాన్ని మింగేస్తాయి. జీవామృతం పంటకి పోయండి, నాచుకి వాన నీళ్ళు చాలు.

నేను చేసేది ఇది. ఆషాఢం, శ్రావణాల్లో, వానలు బాగా పట్టాక మొదలుపెడతాను. తోటలో ఉత్తరం వైపో, గోడ నీడలోనో గట్టి నేల ఎంచుకుంటాను. దున్నను, తవ్వను. గడ్డి మొక్కలు చేత్తో పీకి, ఆకంతా ఊడ్చి, గట్టి చీపురుతో పైన గీరినట్టు చేసి తడుపుతాను. నాచు ఎక్కడి నుంచి తేవాలి అంటే, మీ ఇంట్లోంచే. సున్నం వేయబోయే ప్రహరీ గోడ, బాగుచేయబోయే పాత పెంకులు, తీసేయబోయే కుండీలు, ఇలా ఎలాగూ పోయే చోట నుంచే. మట్టి మీద పెరిగినది మట్టికి, సిమెంటు మీదది సిమెంటుకి, చెట్టుదైతే చెట్టుకి. ఇది మరిచిపోతే శ్రమంతా వృథా. మన గోడల మీద ఎక్కువగా కనబడే నాచులు సున్నానికి అలవాటు పడ్డవి. వాటిని తెచ్చి ఎక్కడ పడితే అక్కడ పెడితే నిలవవు. నేలని పులుపు చేయాలి, గంధకం చల్లాలి అని విదేశీ పుస్తకాల్లో రాస్తారు. మన నేలల్లో ఆ పని పెట్టుకోకండి. మీ నేలకి సరిపడే నాచు మీ ఊళ్ళోనే ఎక్కడో ఒక చోట ఉంటుంది.

తెచ్చినదాన్ని చేత్తో చిన్న ముక్కలుగా చిదుముతాను. నాచులో గొప్ప గుణం ఏంటంటే ఆకు ముక్క నుంచి కూడా కొత్త మొక్క లేస్తుంది. అరచేతి మందం దిబ్బలు పెడితే కొన్నాళ్ళు బాగుండి అంచులు లేచిపోతాయి. ముక్కలు చల్లి కాలితో తొక్కితే నేలకి అంటుకుంటుంది. మెత్తగా కాదు, గట్టిగానే తొక్కండి. నాచుకీ నేలకీ మధ్య గాలి సందు ఉండకూడదు. తర్వాత ఒక నెల, నెలన్నర రోజూ పొద్దున, సాయంత్రం సన్నగా తడపాలి. వాన పడితే అక్కర్లేదు. ఇక్కడ మాకు ఇంకో ఇబ్బంది వచ్చింది. సముద్రం దగ్గర కాబట్టి మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మొదటి ఏడాది ఆ నీళ్ళతో తడిపితే ఆకు చివర్లు మాడి తెల్లటి పొర కట్టింది. వేరు లేని మొక్క, నీళ్ళన్నీ ఆకు మీదే ఆరిపోతాయి కాబట్టి ఉప్పంతా అక్కడే మిగులుతుంది. అప్పటి నుంచి షెడ్డు మీద వాన నీళ్ళు డ్రమ్ములో పట్టి అవే వాడుతున్నాం. వీడియోలో కనబడే నీలం డ్రమ్ము అదే.

బోర్డో మిశ్రమం పిచికారీ చేసే చోట నాచు బతకదు. రాగి దానికి విషం. మా పక్క తోట వాళ్ళు కాయకుళ్ళుకి బోర్డో కొడతారు. మా సరిహద్దు గట్టు మీద పది అడుగుల మేర నాచు ఎన్నిసార్లు పెట్టినా పోతోంది. దాని మీద నేను గొడవ పెట్టుకోలేదు, వాళ్ళ పంట వాళ్ళది. కానీ గాలికి మందు ఎంత దూరం వస్తోందో నాకు ఆ గట్టే చెప్తోంది. ఏ ల్యాబుకీ పంపక్కర్లేదు. యూరప్ దేశాల్లో గాలిలో భార లోహాల్ని కొలవడానికి నాచునే వాడతారు. వేళ్ళు లేకపోవడంతో అది గాలిలోంచి, వానలోంచి పడ్డదే పట్టుకుంటుంది మరి. సేంద్రియ సర్టిఫికెట్ కోసం సరిహద్దులో రక్షణ పట్టీ ఎంత వెడల్పు ఉంచాలా అని తల పట్టుకునే రైతులు ఒకసారి గట్టు మీద నాచు ఎక్కడిదాకా ఉందో చూసుకోండి.

ఎండాకాలం చాలామంది భయపడి పాడు చేసుకుంటారు. మార్చి దాటితే నాచు గోధుమ రంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడి పొడిగా అవుతుంది. చచ్చిపోయింది అనుకుని పీకేయకండి. నాచు ఎండిపోతుంది, అంతే. మనలాగా లోపల నీళ్ళు దాచుకోవడం దానికి రాదు, గాలి ఎండితే అదీ ఎండుతుంది. తొలకరి చినుకు పడ్డాక నిమిషాల్లో ఆకు విప్పుకుంటుంది. పోయిన జూన్లో మా మనవడికి చూపించాను. గ్లాసుడు నీళ్ళు పోసి కూర్చుంటే, కళ్ళముందే రంగు మారింది. జాలిపడి రోహిణి కార్తెలో మిట్ట మధ్యాహ్నం తడిపితేనే నష్టం. ఎండిన నాచు వేడికి తట్టుకుంటుంది, తడిసిన నాచు తట్టుకోలేదు. ఉడికిపోతుంది. వేసవిలో తడిపితే సాయంత్రం పొద్దు వాలాక తడపండి, లేదా అసలు వదిలేయండి. నేను వదిలేస్తాను.

ఇక అమ్మకాల సంగతి. మిద్దె తోటల వాళ్ళు, గాజు సీసాల్లో మొక్కలు పెంచేవాళ్ళు ఇప్పుడు నాచు కొంటున్నారు. నాకూ ఒకాయన ఫోన్ చేసి, గోతానికి ఇంత ఇస్తాను, మీ తోటలో లేకపోతే కొండల మీద నుంచి తెప్పించి పెట్టండి అన్నాడు. కుదరదన్నాను. అడవిలో చెట్ల మొదళ్ళ నుంచి నాచు ఒలిస్తే మళ్ళీ అంత మందం రావడానికి ఏళ్ళు పడుతుంది. మనం రెండు సెంట్ల మట్టి కాపాడుకోవడానికి పెంచేది వేరు, అడవి ఒంటి మీద చర్మం ఒలిచి సీసాల్లో పెట్టడం వేరు. మనీ ప్లాంటు పాకించే మాస్ కర్రలకి చుట్టే స్ఫాగ్నం కూడా ఇలాంటిదే. చిలీ, న్యూజిలాండ్ లాంటి దేశాల బురద నేలల్లోంచి వస్తుంది. అలాంటి పీట్ నేలలు భూమి మీద 3 శాతమే ఉన్నా, ప్రపంచంలోని అడవులన్నిటికంటే ఎక్కువ కర్బనాన్ని పట్టి ఉంచాయి. మన కొబ్బరి పీచు కర్రకి చుడితే మనీ ప్లాంటు ఏమీ అలగదు. మిరియం తీగ మా దగ్గర దాని మీదే పాకుతోంది. పీచు అమ్ముకోలేక బోదెల్లో పారబోస్తున్న ఊళ్ళో ఉండి విదేశీ నాచు కొనడం నాకు మింగుడు పడదు.

మా అమ్మకి ఇప్పటికీ నా నాచంటే ఒళ్ళు మంటే. "పాచి పెంచుకునేవాణ్ణి నిన్నే చూశానురా" అంటుంది. ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. అందుకే ఇంటికీ నూతికీ మధ్య, ఆవిడ నడిచే దారిలో ఒక్క ఆకుపచ్చ మచ్చ కూడా లేకుండా చూసుకోవడం నా పని, పనివాళ్ళకి వదలను. తొట్టి పక్క నాచు దగ్గరికి దారి లేకుండా అడ్డంగా నిమ్మగడ్డి వేశాం.

ఈ ఏడాది కొత్తగా పంపు షెడ్డు వెనక గట్టు మీద ఇరవై అడుగులు మొదలుపెట్టాను. వారం రోజులకే కోళ్ళు వచ్చి పురుగుల కోసం మొత్తం చిమ్మేశాయి. మళ్ళీ చల్లి, తొక్కి, పైన పాత చేపల వల పరిచి అంచులకి రాళ్ళు పెట్టాను. వల కింద నుంచి ఇప్పుడిప్పుడే చుక్కలు చుక్కలుగా పచ్చదనం లేస్తోంది. కోడిపెట్టలు మాత్రం రోజూ వచ్చి ఒకసారి వల లాగి చూసి పోతున్నాయి. కార్తీకం దాకా నిలబడితే అప్పుడు వీడియో తీసి పెడతాను. మీ దగ్గర కోళ్ళని ఆపే ఇంతకంటే తేలిక పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.